పేరు రాసుకునే హక్కు

(స్త్రీల వృత్తి శిక్షణ, గుర్తింపు అనే అంశంపై జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో ఒక్కొక్కరం ఒక్కో వృత్తిని తీసుకుని మూడు ప్రశ్నలు వేసుకోవాలని ముందే అనుకున్నాం. ఆ పనిని ఎవరు, ఎలా నేర్పుతారు? నేర్చుకున్నట్టు ఎవరు నిర్ధారిస్తారు? ఆ నిర్ధారణ వల్ల నేర్చుకున్న మనిషికి ఏ హక్కు వస్తుంది? నేను కుట్టుపని గురించో, అద్దకం గురించో మాట్లాడతానని మీలో చాలామంది అనుకుని ఉంటారు. స్త్రీల శిక్షణ కేంద్రాలలోనే చాలా ఏళ్లు పనిచేసినదాన్ని కాబట్టి అలా అనుకోవడం సహజమే. కానీ ఈ రోజు నేను ఎంచుకున్నది మనకు కాస్త దూరంగా కనిపించే వృత్తి. అరబిక్ లిపిని అందంగా రాసే కళాకారుల వృత్తి. మన దగ్గర వాళ్లను ఖుష్‌నవీసులంటారు, టర్కీలో హత్తాత్‌లంటారు. ఇస్తాంబుల్ కేంద్రంగా కొన్ని వందల ఏళ్లుగా సాగుతున్న వాళ్ల శిక్షణ పద్ధతి గురించి, శిక్షణ చివర గురువు ఇచ్చే ‘ఇజాజత్’ అనే అనుమతి పత్రం గురించి నేను చెప్పదలచుకున్నాను.

ఎందుకు ఎంచుకున్నానో మొదటే చెప్పేస్తాను. ఈ వృత్తిలో ఎంత బాగా రాసినా సరే, గురువు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చేదాకా రాసిన దాని కింద ‘ఇది నేను రాశాను’ అని పేరు పెట్టుకోకూడదు. ఇజాజత్ అంటే ప్రధానంగా పేరు పెట్టుకునే హక్కు. ఆడవాళ్ల పనికి పేరు లేకపోవడం అనేది మనం ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతున్న సమస్య. పేరునే హక్కుగా, పత్రంగా మార్చిన ఒక పద్ధతి ఉన్నప్పుడు, అందులో ఆడవాళ్ల స్థానం ఏమిటో చూడటం మనకు అవసరం.

నేను లిపి కళాకారిణిని కాను. మత విషయాల మీద తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఖురాన్ రాసే లిపి కనుక ఆ రాతకు ముస్లిం సమాజాలలో ఎంతో గౌరవం ఉంది, అది గుర్తుపెట్టుకునే మాట్లాడుతున్నాను. అయినా ఇది మనకు పూర్తిగా పరాయిది కూడా కాదు. మనం రోజూ వాడే ‘దస్కతు’ అనే మాట పారశీకం నుంచి వచ్చిన ‘దస్తఖత్’. దస్త్ అంటే చెయ్యి, ఖత్ అంటే రాత. ఈ కళను పిలిచే పేరులో ఉన్నది కూడా ఆ ‘ఖత్’ అన్న మాటే.

ముందుగా శిక్షణ ఎలా జరుగుతుందో చెబుతాను. పనిముట్లు కొన్నే. రెల్లుతో చేసిన కలం, దీపపు మసిని తుమ్మజిగురుతో నూరి చేసిన సిరా, పూత పూసిన కాగితం. కలాన్ని చెక్కి, దాని పాళీని ఏటవాలుగా కోయడం కూడా పాఠంలో భాగమే. కాగితానికి గంజిగానీ, పటిక కలిపిన గుడ్డు తెల్లసొనగానీ పూసి, ఆరబెట్టి, నున్నటి రాయితో రుద్ది మెరుగుపెట్టి, చాలాకాలం నిలవ ఉంచుతారు. ఆ పూత వల్ల సిరా కాగితంలోకి ఇంకిపోదు. తప్పు పడితే తుడిచి దిద్దుకోవచ్చు.

నేర్చుకునే పద్ధతిని ‘మష్క్’ అంటారు. సాధన అని అర్థం. గురువు ఒక పంక్తి రాసి ఇస్తారు. శిష్యులు ఇంటికి తీసుకుపోయి దాన్నే మళ్లీ మళ్లీ రాసి, మరుసటి వారం తెచ్చి చూపించాలి. మొదటి పాఠం, తలపెట్టిన పని సులువు కావాలని కోరే చిన్న ప్రార్థన. ఆ ఒక్క పంక్తి దగ్గరే నెలలు గడవవచ్చు. తర్వాత విడి అక్షరాలు, ఆ తర్వాత రెండేసి అక్షరాల కలయికలు, చివరికి పదాలు, వాక్యాలు. సాధారణంగా సులుస్, నస్ఖ్ అనే రెండు లిపులను కలిపి నేర్పుతారు. వాళ్లు తాలీక్ అనేది, మన ఉర్దూవాళ్లు నస్తాలీక్ అనేది ఒకే కోవకు చెందిన లిపి. దాన్ని విడిగా నేర్చుకోవాలి, దానికి ఇజాజత్ కూడా వేరే. మొత్తం మీద కొన్నేళ్లు పడుతుంది. ఇన్ని నెలలలో పూర్తవుతుందన్న గడువు ఏదీ లేదు.

ఇక్కడ నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఒకటుంది. కలం పాళీని కాగితం మీద ఒకసారి నొక్కితే పడే నలుచదరపు చుక్కే ఈ రాతకు కొలబద్ద. ఏ అక్షరం ఎన్ని చుక్కల పొడవుండాలి, వంపు ఎన్ని చుక్కల లోతుండాలి అన్నది దానితోనే చూస్తారు. ఈ కొలతను ఒక పద్ధతిలో పెట్టిన ఘనత బాగ్దాద్‌లో మంత్రిగా పనిచేసిన, 940లో మరణించిన ఇబ్న్ ముక్లాకు దక్కింది. కాబట్టి శిష్యుల రాతను గురువు ‘బాగాలేదు’ అని తోసిపుచ్చి ఊరుకోలేరు. తప్పిన అక్షరం కిందనే సరైన రూపం రాసి, చుక్కలు పెట్టి, తేడా ఎక్కడుందో చూపించాలి. ఆ దిద్దిన కాగితం శిష్యుల దగ్గరే ఉంటుంది. ఎక్కడ తప్పామో చూసుకోవచ్చు, ఇంకొకరికి చూపించవచ్చు. మన శిక్షణ కేంద్రాలలో ఎంతమంది ఆడపిల్లల చేతికి ఇలా ‘నీ పని ఇక్కడ తప్పింది, ఇలా ఉండాలి’ అని దిద్దిన నమూనా వస్తోందో ఒకసారి ఆలోచించండి.

గురువుకు శిష్యుల మీద నమ్మకం కుదిరాక ఇజాజత్ సంగతి వస్తుంది. పాత గురువులలో ఒకరు రాసిన ముక్కను ఎంచుకుని, దాన్ని చూసి శిష్యులు తమ చేత్తో రాయాలి. దాని కింద గురువు అనుమతి వాక్యం రాస్తారు. ఈ రాత రాసిన ఫలానావారు ఇకమీదట తమ రాతల కింద తమ పేరు పెట్టుకోవచ్చని నేను అనుమతిస్తున్నాను అన్నది దాని సారాంశం. తేదీ ఉంటుంది. చాలాసార్లు మరో ఇద్దరు ముగ్గురు గురువులు కూడా చూసి, తామూ ఒప్పుకుంటున్నామని పక్కనే రాస్తారు. ఈ అనుమతి వాక్యాలు రాయడానికి వాడే ఒక లిపికి ‘ఇజాజత్ లిపి’ అనే పేరే స్థిరపడింది. పత్రాన్ని పదిమంది ముందు అందజేయడం ఆచారం.

అంటే ఈ పత్రంలో సగం నేర్చుకున్న మనిషి పని, మిగతా సగం నేర్పిన మనిషి మాట. పనిని, దాని మీద తీర్పును పక్కపక్కనే పెట్టి ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఈ పత్రం వల్ల మూడు వస్తాయి. మొదటిది పేరు పెట్టుకునే హక్కు. రెండోది ఇతరులకు నేర్పి, వాళ్లకు ఇజాజత్ ఇచ్చే హక్కు. మూడోది పరంపరలో చోటు. ఈ పరంపరను ఇస్తాంబుల్ హత్తాత్‌లు 15వ, 16వ శతాబ్దాలలో జీవించిన షేక్ హమ్దుల్లా దాకా, అక్కడి నుంచి 1298లో బాగ్దాద్‌లో మరణించిన యాకూత్ అల్ ముస్తాసిమీ దాకా, ఇంకా వెనక్కి చెప్పుకుంటారు. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారన్నది రాసిపెట్టుకునే వంశవృక్షం అది. రక్తసంబంధంతో పనిలేని వంశవృక్షం.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఈ వంశవృక్షంలో ఆడవాళ్లున్నారా?

ఉన్నారు. బాగ్దాద్‌లో 1087లో మరణించిన ఫాతిమా బింత్ అల్ అక్రా పేరు చరిత్రకారులు రాసిపెట్టారు. ఇబ్న్ అల్ బవ్వాబ్ అనే గొప్ప లేఖకుడి శైలిలో ఆమె రాసేవారు. ఖలీఫా కొలువు నుంచి బైజాంటియం చక్రవర్తికి వెళ్లిన సంధి పత్రాన్ని రాయడానికి ఆమెనే ఎంచుకున్నారు. ఆ తర్వాతి శతాబ్దంలో షుహ్దా ఉన్నారు. 1178లో, తొంభై ఏళ్లు దాటిన వయసులో, బాగ్దాద్‌లోనే మరణించారు. ఆమెను ‘అల్ కాతిబా’ అని పిలిచేవారు, అంటే లేఖకురాలు. ఆమె హదీసు పండితురాలు కూడా. ఇబ్న్ అల్ బవ్వాబ్ శైలి తర్వాతి తరాలకు చేరిన పరంపరలో ఆమె పేరును చేర్చి చెప్పిన పాత గ్రంథకర్తలున్నారు.

హదీసు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఇజాజత్ అనే ఆచారం లిపి కళ కంటే ముందు విద్యారంగంలో ఉంది. ప్రవక్త మాటల సంకలనాలను ఒకరి దగ్గర విని, ఇంకొకరికి చెప్పడానికి తీసుకునే అనుమతి అది. అక్కడ ఆడవాళ్లు అనుమతి పొందడంతో ఆగలేదు, ఇచ్చారు కూడా. 11వ శతాబ్దంలో మక్కాలో కరీమా అల్ మర్వజియ్యా దగ్గర పేరున్న మగ పండితులు పాఠం విన్నారు. డమాస్కస్‌లో 1339లో మరణించిన జైనబ్ బింత్ అల్ కమాల్ ఎంతోమందికి ఇజాజత్‌లు ఇచ్చారు. ఆడది గురువుగా ఉండి మగవాడికి అనుమతి పత్రం ఇవ్వడం ఆ సమాజానికి తెలియని విషయం కాదన్నమాట. ముస్లిం స్త్రీ అనగానే పరదా వెనక మౌనంగా ఉన్న బొమ్మను చూడటానికి అలవాటుపడిన మనం ఈ పేర్లను గుర్తుపెట్టుకోవాలి.

ఉస్మానియా సామ్రాజ్య కాలానికి వస్తే, ఇస్తాంబుల్‌లో ఎస్మా ఇబ్రత్ హానిమ్ పేరు అందరూ చెబుతారు. 1780లో పుట్టారు. 1795లో, 15 ఏళ్ల వయసులో ఆమె రాసిన ‘హిల్యే’ ఇప్పటికీ ఉంది. హిల్యే అంటే ప్రవక్త రూపాన్ని, గుణాలను మాటలలో వర్ణించి, ఒక చట్రంలో అమర్చి రాసే పెద్ద ఫలకం. దానికి ఆ అమరిక ఇచ్చింది 17వ శతాబ్దపు హాఫిజ్ ఉస్మాన్. పదిహేనేళ్ల పిల్ల అంత కష్టమైన అమరికను రాయగలిగిందంటే ఎంత సాధన చేసి ఉంటుందో ఊహించండి. ఆమె గురువు మహమూద్ జెలాలుద్దీన్, ఆ రోజులలో పేరుమోసిన హత్తాత్. ఆయనే ఆమె భర్త కూడా.

ఈ చివరి మాట దగ్గర మనం కాస్త ఆగాలి. భర్త దగ్గర నేర్చుకోవడం ఆమె ప్రతిభను తక్కువ చేయదు. కానీ ఒక విషయం అర్థం చేసుకోవడానికి అది దారి చూపిస్తుంది. ఆడవాళ్లకు ఇజాజత్ ఇవ్వకూడదన్న నియమం ఈ పద్ధతిలో లేదు. ఇచ్చిన దాఖలాలున్నాయి. అయినా వందల మంది మగ హత్తాత్‌ల పేర్ల మధ్య ఆడవాళ్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఎందుకున్నాయి? మగపిల్లలకు మదరసా ఉంది, రాజప్రాసాదంలో పాఠశాల ఉంది, ప్రభుత్వ కచేరీలలో రాత పని నేర్చుకునే ఏర్పాటు ఉంది, గురువు ఇంటికి ప్రతివారం నడిచి వెళ్లే స్వేచ్ఛ ఉంది. ఆడపిల్లకు మాత్రం గురువు ఇంట్లోనే ఉండాలి, లేదా ఇంటికి రావాలి. తండ్రో, అన్నో, భర్తో హత్తాత్ అయితే, లేదా ఇంటికి గురువును పిలిపించగల సంపన్న కుటుంబంలో పుడితే, ఆమె కలం పట్టగలిగింది. నియమంలో తలుపు తెరిచే ఉంది. ఆ తలుపు దాకా వెళ్లే దారి ఆమె గడపలోనే ఆగిపోయింది.

మనకిది కొత్త సంగతి కాదు కదా! ‘మా సంస్థలో ఆడవాళ్లను వద్దన్నదెవరు, వాళ్లే రావడం లేదు’ అనే మాట మనం ఎన్ని చోట్ల వినలేదు? వద్దనకపోవడం సమానత్వం కాదని మనం చెబుతూనే ఉన్నాం. ఎస్మా ఇబ్రత్ జీవితం ఆ మాటకు రెండు వందల ఏళ్ల కిందటి సాక్ష్యం.

ఫీజు విషయం కూడా ఇలాంటిదే. పాత సంప్రదాయంలో హత్తాత్‌లు మష్క్ నేర్పడానికి డబ్బు తీసుకోరు. తాము ఉచితంగా పొందిన విద్యను ఉచితంగానే ఇవ్వాలన్నది వాళ్ల నమ్మకం. చదువును సరుకుగా మార్చేసిన ఈ రోజుల్లో ఇది ఎంతో గొప్ప విలువ, అందులో సందేహం లేదు. కానీ డబ్బు తీసుకోనంత మాత్రాన చదువు ఖర్చులేనిది అయిపోదు. ఏళ్ల తరబడి రోజూ కొన్ని గంటలు ఆదాయం లేకుండా ఒకచోట కూర్చుని రాయాలి. ఆ గంటలు ఎవరికి ఉంటాయి? వంట, నీళ్లు, పిల్లలు, ముసలివాళ్ల సేవ ఎవరి మీద ఉన్నాయో వాళ్లకు ఉండవు. మగ హత్తాత్ మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసుకుంటున్నప్పుడు పొయ్యి దగ్గర ఎవరున్నారో ఏ ఇజాజత్ పత్రంలోనూ రాసి ఉండదు. ‘ఉచిత శిక్షణ’ అని బోర్డు పెట్టినప్పుడల్లా మనం ఈ లెక్క వేయాలి. శిక్షణకు వచ్చే స్త్రీ పోగొట్టుకునే కూలి ఎంత? ఆమె ఇంటి పని ఎవరు చేస్తున్నారు? పసిపిల్లను ఎక్కడ ఉంచుతోంది?

ఈ పద్ధతికి ఉన్న బలం తెలియాలంటే 20వ శతాబ్దంలో దానికి ఎదురైన పరీక్షను చూడాలి. 1914లో ఇస్తాంబుల్‌లో హత్తాత్‌ల కోసం ప్రత్యేకంగా ఒక పాఠశాల ఏర్పాటైంది. 1924లో మదరసాలను రద్దు చేసినప్పుడు అదీ మూతపడి, తర్వాత వేరే పేర్లతో తెరుచుకుంది. 1928 నవంబరు 1న టర్కీ పార్లమెంటు చట్టం చేసి అరబిక్ లిపిని తీసేసి లాటిన్ లిపిని తెచ్చింది. 1929 మొదటి నుంచి పుస్తకాలు పాత లిపిలో అచ్చువేయడం నిషిద్ధమైంది. ఒక తరం లేఖకుల బతుకుతెరువు ఆ దెబ్బతో పోయింది. చదవగలిగేవాళ్లే లేని లిపిని ఎవరు నేర్చుకుంటారు? అయినా కళ చావలేదు. 1891లో దియార్‌బకీర్‌లో పుట్టి 1982లో మరణించిన హామిద్ ఆయ్‌తాచ్ వంటివారు చిన్న దుకాణాలలో పని చేసుకుంటూ రాస్తూనే వచ్చారు, వచ్చినవాళ్లకు నేర్పుతూ వచ్చారు. ఆయన హసన్ చెలెబీకి ఇజాజత్ ఇచ్చారు. చెలెబీ తన జీవితకాలంలో ఎన్నో దేశాల వాళ్లకు నేర్పారు, ఆడవాళ్లకు, మగవాళ్లకు ఇజాజత్‌లు ఇచ్చారు.

సంస్థ మూతపడినా, ప్రభుత్వ ఆదరణ పోయినా, లిపికే చోటు లేకపోయినా, మనిషి నుంచి మనిషికి చేరే ఈ పత్రం మాత్రం నిలిచింది. ప్రాజెక్టు అయిపోగానే శిక్షణ కేంద్రానికి తాళం పడటం, మన సర్టిఫికెట్ మీద ఉన్న సంస్థ పేరు రెండేళ్ల తర్వాత ఎవరికీ తెలియకపోవడం మనందరి అనుభవమే. ఇది మనం గట్టిగా ఆలోచించాల్సిన విషయం.

పరిస్థితి మారుతూ వచ్చింది. ఇస్లామిక్ దేశాల సంస్థకు అనుబంధంగా 1980లో ఇస్తాంబుల్‌లో ఒక చరిత్ర, కళా పరిశోధన కేంద్రం ఏర్పడి, 1986లో హామిద్ ఆయ్‌తాచ్ పేరిట మొదటి అంతర్జాతీయ లిపి పోటీ నిర్వహించింది. 2021లో యునెస్కో ఈ కళను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. టర్కీ పేరు మీద ఒకటి, పదహారు దేశాల పేరు మీద అరబిక్ లిపి కళగా మరొకటి. ఇస్తాంబుల్ గురువుల దగ్గర నేర్చుకునేవారిలో ఇప్పుడు స్త్రీలు విడ్డూరం కాదు. స్పెయిన్‌కు చెందిన నూరియా గార్సియా మసిప్ 2007లో అక్కడ సులుస్, నస్ఖ్ లిపులలో ఇజాజత్ పొందారు. హిలాల్ కజాన్ అనే టర్కీ పరిశోధకురాలు స్త్రీ హత్తాత్‌ల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. పేరు పెట్టుకునే హక్కు సంపాదించుకున్న స్త్రీలను కూడా చరిత్ర మరిచిపోగలదు కాబట్టి, వాళ్లను వెతికి రాసేవాళ్లు కూడా కావాలి.

ఇక్కడ ఒక చిన్న విషయం. అరబిక్‌లో మగవాడు రాస్తే ‘కతబహు’, ఆడది రాస్తే ‘కతబత్‌హు’. తెలుగులో రాశాడు, రాసింది అన్నట్టే. ఆమె సంతకం పెడితే ఆ క్రియాపదంలోనే ఆమె స్త్రీ అని తెలిసిపోతుంది. సంతకం లేకపోతే? రాత ఎవరిదో తెలియని కాగితాలన్నిటినీ చరిత్ర మగవాళ్ల ఖాతాలోనే వేసుకుంటుంది.

మన వైపు చూద్దాం. మన దేశంలో ఈ లిపి కళ ఉస్తాద్, షాగిర్ద్ సంబంధంగా సాగింది. ఉర్దూ పుస్తకాలు, పత్రికలు చాలాకాలం చేతిరాత నుంచే అచ్చయ్యేవి. కాతిబ్ రాసిన పుటను రాయి మీదకు ఎక్కించి ముద్రించేవాళ్లు. 1990లలో ఉర్దూ కంప్యూటర్లలోకి రావడంతో ఆ పని చాలావరకు పోయింది. హైదరాబాద్ ఛత్తా బజారులో పెళ్లి కార్డులు రాసే కాతిబులు ఆ మార్పును కళ్లారా చూసినవాళ్లే. చెన్నై ట్రిప్లికేన్‌లో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ అనే ఉర్దూ దినపత్రిక కంప్యూటర్లు వచ్చాక కూడా చాలా ఏళ్లు చేతిరాతతోనే వెలువడింది. ఆ రాత బల్లల దగ్గర కూర్చుని పనిచేసిన కాతిబులలో స్త్రీలున్నారు. రోజూ పత్రిక పుట నింపిన ఆ చేతుల పేర్లు ఆ పత్రిక చదివినవాళ్లలో ఎంతమందికి తెలుసు? ఉర్దూ భాషాభివృద్ధి జాతీయ మండలి ఈ కళకు డిప్లొమా కోర్సులు నడిపింది. అలాంటి కోర్సులలో చేరే ఆడపిల్లలకు అవి బయటికి రావడానికి ఒక దారి. అయితే డిప్లొమా చేతికొచ్చాక ఆమె పేరుతో ఏ పని వస్తుంది అన్న ప్రశ్న అక్కడా ఉంది.

ఈ ప్రశ్న ఉర్దూ రాతతో ఆగదు. నర్సాపురం లేసు అల్లే స్త్రీల గురించి మరియా మీస్ 1982లో రాసిన పుస్తకం మీలో చాలామందికి తెలుసు. ఇంట్లో కూర్చుని అల్లే ఆ స్త్రీలు ‘గృహిణులు’, ఎగుమతి చేసే మగవాళ్లు ‘వ్యాపారులు’. ఆ లేసు ప్రపంచమంతా తిరిగింది, దాని మీద అల్లిన మనిషి పేరు లేదు. చేనేతలో కండెలు చుట్టేది, ఆసు పోసేది ఆడవాళ్లు. ‘నేత కార్మికుడు’ అనే గుర్తింపు మగ్గం మీద కూర్చున్న మగవాడిదే అని చాలాకాలం అందరూ అనుకున్నారు. మరోవైపు 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకున్న స్త్రీలు, ఆ అక్షరంతోనే సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపించారు. సొంత పేరు రాసుకోవడం ఎంత శక్తి ఇస్తుందో మన రాష్ట్రానికి నేర్పింది వాళ్లే.

ఇజాజత్ పద్ధతిని తెచ్చి యథాతథంగా మన కేంద్రాలలో పెట్టమని నేను అనడం లేదు. అందులో మనం ఒప్పుకోలేనివి ఉన్నాయి. అంతా ఒక్క గురువు ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది. ఆయనకు నచ్చకపోతే అప్పీలు చేసుకునే చోటు లేదు. గురువు మగవాడు, శిష్యురాలు ఆడపిల్ల, గడువు లేని శిక్షణ, అనుమతి ఆయన చేతిలో. ఇలాంటి సంబంధంలో అధికారం ఎటు మొగ్గి ఉంటుందో, అది ఎన్ని రకాలుగా దుర్వినియోగం కావచ్చో ఆడవాళ్ల సంఘాలలో పనిచేసే మనకు వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరు ముగ్గురు గురువులు కలిసి సంతకం చేసే ఆచారం కొంత రక్షణే. అది ఆచారంగా కాక తప్పనిసరి నియమంగా ఉండాలని మన లాంటివాళ్లం కోరతాం.

అయితే తీసుకోవలసినవి కూడా ఉన్నాయి. మన సర్టిఫికెట్ ఒకటి తీసి చూడండి. ఫలానా శ్రీమతి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు శిక్షణకు హాజరయ్యారు అని ఉంటుంది. కింద అధ్యక్షుడి సంతకం, కార్యదర్శి సంతకం. ఆమెకు ఏ పని వచ్చో అందులో లేదు. ఆమెకు నేర్పిన టీచరు పేరు లేదు. ఆమె చేతి పని లేదు. ఒకసారి ఇలాంటి సర్టిఫికెట్ పట్టుకుని అప్పు కోసం వెళ్లిన ఒక అమ్మాయితో పాటు నేనూ ఒక ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఈవిడ వచ్చి కూర్చున్నారని తెలుస్తోంది, ఏం వచ్చో తెలియడం లేదు’ అన్నాడు. ఆయన అన్న తీరు నాకు నచ్చలేదు. కానీ ఆ కాగితం గురించి ఆయన అన్నమాట మాత్రం నిజం.

అందుకని నా సూచనలు నాలుగు. ఒకటి, సర్టిఫికెట్‌లో ఆమె చేసిన పని నమూనా కనబడాలి, లేదా ఆమె ఏమేం చేయగలదో ఒక్కొక్కటిగా రాయాలి. రెండు, ఆమెకు నిజంగా నేర్పిన టీచరు, ఆ పని తెలిసిన మరో ఇద్దరు చూసి సంతకం పెట్టాలి. వాళ్లలో స్త్రీలు ఉండి తీరాలి. మూడు, శిక్షణ పూర్తిచేసిన స్త్రీకి ఇతరులకు నేర్పే అర్హత, నేర్పినందుకు వేతనం ఆ పత్రంలోనే రాసి ఇవ్వాలి. నాలుగు, తయారైన వస్తువు మీద ఆమె పేరు ఉండాలి. సంఘం పేరు, ప్రాజెక్టు పేరు దాని తర్వాతే. వీటితో పాటు శిక్షణ కాలంలో కూలి నష్టానికి భత్యం, పసిపిల్లలకు చోటు ఏర్పాటు చేయకుండా ఏ శిక్షణనూ ‘ఉచితం’ అనకూడదు.

వెయ్యేళ్ల కిందట బాగ్దాద్‌లో ఫాతిమా రాసిన సంధి పత్రం ఇద్దరు ప్రభువుల మధ్య నడిచింది. ఆ ప్రభువుల కొలువుల సంగతులు రాసిన చరిత్రలలోనే ఆమె పేరు కూడా మిగిలింది. ఆమె తర్వాత ఎంతమంది కలం పట్టి, సంతకం పెట్టకుండానే వెళ్లిపోయారో మనం లెక్కపెట్టలేం. కానీ ఈ రోజు మన కేంద్రాలలో కూర్చున్న ఆడపిల్లలను లెక్కపెట్టగలం. వచ్చే సమావేశానికి ప్రతి సంస్థా తాను ఇచ్చే సర్టిఫికెట్ ఒకటి వెంట తీసుకురావాలని కోరుతున్నాను. అన్నిటినీ ఈ బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ ఆమెకు ఏ హక్కు ఇస్తోందో అందరం కలిసి చదువుదాం.